సెకిరోలో కత్తి వేగాన్ని తట్టుకోవడం: తొలి సైనికుడి నుంచి గెనిచిరో దాకా

జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2019 మార్చిలో విడుదల చేసిన 'సెకిరో: షాడోస్ డై ట్వైస్' ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ గెలుచుకుంది. అంత పేరున్న ఆటను సగంలో వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఎక్కువమంది అషినా కోట పైన గెనిచిరో అనే బాస్ (దాటడానికి కష్టమైన పెద్ద శత్రువు) దగ్గర ఆగిపోయారు. ఎందుకు ఆపేశారని అడిగితే ఒకే జవాబు: "నా చేతులు అంత ఫాస్ట్ కాదు."

నేను దీన్ని ఒప్పుకోను. సెకిరోలో ఎక్కువ పోరాటాలకు నాలుగు బటన్లు చాలు. శత్రువు ప్రతి దెబ్బకూ ముందు ఏదో ఒక సూచన ఇస్తాడు. ఇబ్బందంతా మనం నిలబడే దూరంలోనూ, చూసే చోటులోనూ ఉంది. భయపడి వెనక్కి పోయే ఆటగాడికి ఈ ఆట రెండింతలు కష్టంగా మారుతుంది, ఎందుకంటే దాని నియమాలే అలా ఉన్నాయి. ఆ నియమాలు అర్థమైతే వేగం దానంతట అదే తగ్గినట్టు అనిపిస్తుంది. కింద చెప్పినవన్నీ ప్లేస్టేషన్ బటన్ల పేర్లతో రాశాను. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ ఉన్నవాళ్లు ఎల్1 అన్నచోట ఎల్‌బీ అనీ, ఆర్1 అన్నచోట ఆర్‌బీ అనీ, సర్కిల్ అన్నచోట బీ అనీ చదువుకోండి. ఎల్1 కత్తితో అడ్డుకోవడానికి (గార్డ్), ఆర్1 కొట్టడానికి, సర్కిల్ తప్పుకోవడానికి.

ముందు పోస్చర్ లెక్క తెలుసుకోండి

ప్రతి శత్రువుకూ రెండు గీతలుంటాయి. ఒకటి ప్రాణం, అంటే విటాలిటీ. రెండోది పోస్చర్, అంటే నిలదొక్కుకునే శక్తి. విటాలిటీ ఖాళీ అయినా, పోస్చర్ గీత నిండిపోయినా ఎర్రటి చుక్క కనిపిస్తుంది. అప్పుడు ఆర్1 నొక్కితే డెత్‌బ్లో, అంటే ప్రాణం తీసే దెబ్బ. ప్రాణం సగానికి పైగా ఉన్న బాస్ కూడా పోస్చర్ నిండితే పడిపోతాడు. డార్క్ సోల్స్, బ్లడ్‌బోర్న్ లాంటి ఆటల నుంచి వచ్చినవాళ్లు ఈ విషయం తెలిసి కూడా పాత అలవాటుతో ప్రాణం గీతనే చూస్తుంటారు.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. మీరు కొట్టడం మానేసినా, దూరంగా జరిగినా శత్రువు పోస్చర్ కోలుకుంటుంది. అంటే పారిపోయిన ప్రతిసారీ అంతవరకు పడ్డ కష్టం కరిగిపోతుంది. రెండోది, శత్రువు ప్రాణం తగ్గేకొద్దీ అతని పోస్చర్ కోలుకునే వేగం కూడా తగ్గుతుంది. అందుకే పోరాటం మొదట్లో చిన్న చిన్న దెబ్బలతోనైనా ప్రాణం కొంత తగ్గించాలి. అసలు ఫలితం ఆ తర్వాత కనిపిస్తుంది. మూడోది మన గురించి: ఎల్1 పట్టుకుని గార్డ్‌లో నిలబడితే మన పోస్చర్ త్వరగా తిరిగొస్తుంది. పోస్చర్ నిండబోతుంటే పరిగెత్తడం కన్నా, ఒకట్రెండు అడుగులు వెనక్కి వేసి ఎల్1 పట్టుకుని నిలబడటం మేలు.

స్క్రీన్, కంట్రోలర్

ఇది ఐదు నిమిషాల పని. టీవీలో ఆడుతుంటే గేమ్ మోడ్ ఆన్ చేయండి. అది లేకపోతే టీవీ బొమ్మను మెరుగుపరచడానికి సమయం తీసుకుంటుంది, మీరు నొక్కింది ఆలస్యంగా కనిపిస్తుంది. వీలైతే కంట్రోలర్‌ను వైర్‌తో కలపండి. పీసీలో ఈ ఆట సెకనుకు 60 ఫ్రేమ్‌ల దగ్గర ఆగుతుంది. మీ ల్యాప్‌టాప్ ఆ 60ని నిలకడగా ఇవ్వలేకపోతే నీడలు, ఎఫెక్టులు తగ్గించండి. అందమైన బొమ్మ మధ్యలో తడబడటం కన్నా, సాదా బొమ్మ ఒకే వేగంతో నడవడం మంచిది. కెమెరా వేగం కాస్త పెంచుకోండి. శబ్దం తగ్గించకండి, హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. కారణం కింద వస్తుంది.

హాన్‌బే దగ్గర సాధన

పాడుబడ్డ గుడి దగ్గర, మన కృత్రిమ చేతికి పరికరాలు అమర్చే శిల్పి ఉండే చోటుకు పక్కనే, హాన్‌బే అనే చావులేని యోధుడు నిలబడి ఉంటాడు. ఎన్నిసార్లు నరికినా లేస్తాడు. సాధన కోసమే ఉన్న మనిషి. చాలామంది ఒకసారి మాట్లాడి వెళ్లిపోతారు. ఈ ఆటలో అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

అక్కడ నేర్చుకోవాల్సింది డిఫ్లెక్ట్. శత్రువు కత్తి మీకు తగలబోయే క్షణంలో ఎల్1 నొక్కితే అది డిఫ్లెక్ట్ అవుతుంది, అతని పోస్చర్ పెరుగుతుంది. ముందే నొక్కి పట్టుకుంటే మామూలు గార్డ్. దెబ్బ ఒంటికి తగలదు కానీ మీ పోస్చర్ బాగా నిండుతుంది. ఆలస్యమైతే దెబ్బ తగులుతుంది. ఈ మూడింటిలో ముందుగా నొక్కడం వల్ల ప్రాణానికి నష్టం లేదు కాబట్టి, నేర్చుకునే రోజుల్లో తప్పు అటువైపే ఉండనివ్వండి. ఎల్1ను తాకి వెంటనే వదలకుండా, నొక్కి ఒక్క క్షణం పట్టుకుని వదలండి. సరిగ్గా కుదిరితే డిఫ్లెక్ట్, కుదరకపోతే గార్డ్.

టెన్షన్‌లో ఎల్1ను టకటకా నొక్కేయడం అందరికీ వచ్చే అలవాటే. దానితో మొదట్లో కొన్ని దెబ్బలు ఆగుతాయి కాబట్టి పనిచేస్తుందని కూడా అనిపిస్తుంది. కానీ పదే పదే నొక్కితే ఆట డిఫ్లెక్ట్‌గా ఒప్పుకునే వ్యవధిని కుదించేస్తుంది. వేగంగా నొక్కేకొద్దీ కుదరడం కష్టమవుతుంది. దెబ్బకు ఒక్క నొక్కు, అంతే.

కోలాటం ఆడినవాళ్లకు ఇది త్వరగా పట్టుబడుతుంది. ఎదుటివాళ్ల కర్ర ఎక్కడుందో వెతుక్కుంటూ కొడితే తాళం తప్పుతుంది. పాట నడకను బట్టి చెయ్యి వెళ్తుంది, కర్రలు వాటంతట అవే కలుస్తాయి. సెకిరోలో వరస దెబ్బలు కూడా అలా ఒక నడకలో వస్తాయి. హాన్‌బే దగ్గర అతని వరసను నోటితో పలకండి: టక్, టక్, ఆగి, టక్. గట్టిగానే పలకండి, సిగ్గుపడక్కర్లేదు. నోరు నేర్చుకున్నది వేలికి త్వరగా వస్తుంది.

ఇంకో ధైర్యం చెప్పే సంగతి ఉంది. మీ పోస్చర్ గీత పూర్తిగా నిండిపోయి ఉన్నా, తర్వాతి దెబ్బను సరిగ్గా డిఫ్లెక్ట్ చేస్తే మీరు తూలిపడరు. మామూలు గార్డ్ చేస్తేనే పడతారు. కాబట్టి గీత ఎర్రబడగానే కంగారుపడి దూకేయక్కర్లేదు. తాళం పట్టు ఉంటే అక్కడే నిలబడవచ్చు.

చెవితో ఆడటం

హెడ్‌ఫోన్స్ పెట్టుకోమన్నది ఇందుకే. సరైన డిఫ్లెక్ట్‌కు ఖంగుమనే పదునైన శబ్దం, పెద్ద నిప్పురవ్వలు వస్తాయి. మామూలు గార్డ్‌కు మొద్దు శబ్దం, చిన్న రవ్వలు. మీరు సరిగ్గా చేశారో లేదో చూడటానికి గీతల వైపు కళ్లు తిప్పక్కర్లేదు.

ఇంతకన్నా విలువైనది ఇంకోటి ఉంది. మీరు కొడుతున్నప్పుడు శత్రువు కూడా మీ దెబ్బను డిఫ్లెక్ట్ చేస్తాడు. ఆ క్షణంలో అదే పదునైన శబ్దం, అవే పెద్ద రవ్వలు. దాని అర్థం: మీ వంతు అయిపోయింది, ఇప్పుడు అతను కొడతాడు. చాలామంది అక్కడ ఇంకో దెబ్బ వేయబోయి తింటారు. ఆ ఖంగు వినగానే ఆర్1 మీద నుంచి వేలు తీసి ఎల్1 మీద పెట్టండి. నన్ను ఎవరైనా సెకిరోకు ఒకే ఒక్క చిట్కా చెప్పమంటే ఇదే చెప్తాను. మొత్తం పోరాటం వంతులవారీగా నడుస్తోందని దీనితో ఒక్కసారిగా బోధపడుతుంది. మొద్దు శబ్దం వస్తున్నంతసేపు మీరు కొట్టవచ్చు, ఖంగుమంటే ఆగి తీసుకోవాలి, అతని వరస అయ్యాక మళ్లీ మీరు.

కళ్లు ఎక్కడ ఉండాలి? కత్తి కొన మీద మాత్రం వద్దు, అది చాలా వేగంగా కదులుతుంది. శత్రువు భుజాలు, నడుము చూడండి. భుజం వెనక్కి లాగితే దెబ్బ వస్తోంది. నడుము కిందికి వంగితే కాళ్ల దగ్గర ఊడ్చే దెబ్బ.

ఎర్ర అక్షరం కనిపిస్తే

శత్రువు మీద ఎర్రటి జపనీస్ అక్షరం మెరిసి, ఒక హెచ్చరిక శబ్దం వస్తే, రాబోయే దెబ్బను మామూలు గార్డ్ ఆపలేదని అర్థం. అవి ముఖ్యంగా మూడు రకాలు.

పొడుపు: కత్తిని లేదా ఈటెను వెనక్కి లాగి సూటిగా పొడుస్తాడు. మికిరి కౌంటర్ అనే విద్య నేర్చుకుని ఉంటే, అతని వైపే నిలబడి సర్కిల్ నొక్కండి. స్టిక్‌ను ముందుకు తోయండి, లేదా వదిలేయండి. వెనక్కి మాత్రం లాగకండి. మన షినోబి (మనం ఆడే పాత్ర, చాటుగా పోరాడే యోధుడు) అతని ఆయుధాన్ని కాలితో తొక్కేస్తాడు, అతని పోస్చర్ భారీగా పెరుగుతుంది. శిల్పి ఇచ్చే షినోబి గ్రంథంతో ఇది అందుబాటులోకి వస్తుంది. మొదటి స్కిల్ పాయింట్లు దీనికే పెట్టండి, మరో ఆలోచన వద్దు. పొడుపును డిఫ్లెక్ట్ కూడా చేయవచ్చు, కానీ మికిరి ఇచ్చే లాభం ఎక్కువ.

ఊడ్పు: కాళ్లను లక్ష్యంగా చేసుకుని అడ్డంగా నరుకుతాడు. ఎగరండి. గాలిలో ఉండగానే అతని మీద మరోసారి ఎగిరే బటన్ నొక్కితే తల మీద తన్నినట్టవుతుంది, పోస్చర్ పెరుగుతుంది. మొదటి ఎగురుడు నేర్చుకుని రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

పట్టు: చేతులతో పట్టుకోవడానికి వస్తాడు. దీనికి ఆగకూడదు. పక్కకు తప్పుకోండి లేదా ఎగిరి దూరం జరగండి.

అక్షరం చూసి వెంటనే ఏదో ఒకటి నొక్కేయడం వల్లే ఎక్కువ చావులు. అక్షరం హెచ్చరిక మాత్రమే, ఏ దెబ్బో చెప్పేది అతని శరీరం. అక్షరం తర్వాత భుజాల వైపు చూడటానికి కాస్త సమయం ఉంటుంది. హాన్‌బే దగ్గర మికిరిని కూడా సాధన చేయవచ్చు. పొడుపును చూసి ముందుకు అడుగేయడం శరీరానికి సహజం కాదు కాబట్టి, ఆ జంకు పోయేదాకా అక్కడే ఉండండి.

బాస్ దగ్గరకు వెళ్లే ముందు

చనిపోతే దగ్గరున్న సెన్‌లో (ఆటలోని డబ్బు) సగం, తర్వాతి స్కిల్ పాయింట్ కోసం పోగైన అనుభవంలో సగం పోతాయి. ఇప్పటికే సంపాదించిన స్కిల్ పాయింట్లు పోవు. సెన్‌ను దుకాణాల్లో డబ్బు సంచులుగా కొని దాచుకోండి, చనిపోయినా సంచులు మిగులుతాయి. ఇలా చేస్తే బాస్ ముందు మనసు తేలికగా ఉంటుంది. పోగొట్టుకునేది లేనివాడు బాగా ఆడతాడు.

గోర్డ్ సీడ్ (సొరకాయ గింజ) దొరికితే వైద్యురాలు ఎమ్మాకు ఇవ్వండి, మందు తాగే అవకాశం ఒకటి పెరుగుతుంది. ప్రార్థన పూసలు నాలుగు పోగైతే విటాలిటీ, పోస్చర్ రెండూ పెరుగుతాయి. ఆ పూసలు ఎక్కువగా మినీబాస్‌ల (బాస్ కన్నా చిన్న, మామూలు సైనికుల కన్నా గట్టి శత్రువులు) దగ్గర దొరుకుతాయి. అందుకే మినీబాస్‌లను వదిలేసి నేరుగా వెళ్లడం మంచిది కాదు. వాళ్లలో చాలామందికి ప్రాణం గీత దగ్గర రెండు ఎర్ర చుక్కలుంటాయి, అంటే రెండుసార్లు డెత్‌బ్లో వేయాలి. చుట్టూ ఉన్న సైనికులను ముందు ఒక్కొక్కరిగా చంపి, దాక్కుని వెనక నుంచి వస్తే ఒక చుక్క పోరాటం లేకుండానే పోతుంది. తాగుబోతు జూజో దగ్గర ఇది బాగా పనికొస్తుంది. దీన్ని అడ్డదారి అనుకోకండి. మనం ఆడుతున్నది షినోబిగా, చాటుగా చంపడం అతని వృత్తి.

కృత్రిమ చేతికి అమర్చే పరికరాల్లో టపాకాయలు ముందు కొనండి. 500 సెన్‌కు అషినా పొలిమేరల్లోని వ్యాపారి దగ్గర దొరుకుతాయి. గుర్రం మీద వచ్చే గ్యోబు ఒనివాకు, నిప్పులు చిమ్మే ఎద్దుకు ఇవి మందు. మనుషులైన బాస్‌లు కూడా కాసేపు తడబడతారు, ఆ వ్యవధిలో రెండు మూడు దెబ్బలు పడతాయి. ఒకే పోరాటంలో మాటిమాటికీ వాడితే మాత్రం ప్రభావం తగ్గుతుంది. షురికెన్ (విసిరే చిన్న ఆయుధం) గాలిలో ఎగిరేవాళ్లను దించుతుంది, తీగల మీద నడిచే లేడీ బటర్‌ఫ్లై దీనితో కిందపడుతుంది. ఎర్ర కళ్ల శత్రువులు నిప్పుకు భయపడతారు. గొలుసులతో కట్టేసిన ఓగ్ర్ అనే రాక్షసుడు అలాంటివాడే.

గెనిచిరో

ఇప్పటిదాకా నేర్చుకున్నవన్నీ కలిపి అడిగే పరీక్ష ఇతనే. దూరంగా ఉంటే బాణాలు వేస్తాడు. వెనక్కి జరిగి మందు తాగబోతే ఆ సందు చూసి కొడతాడు. దగ్గరగా ఉంటే కత్తి దెబ్బలే వస్తాయి, వాటికి లెక్క ఉంటుంది. కాబట్టి మొదటి క్షణం నుంచి అతన్ని అంటిపెట్టుకుని ఉండండి.

మొదటి కొన్ని ప్రయత్నాల్లో గెలవాలని చూడకండి. ఆర్1 అసలు ముట్టుకోకుండా, ఎల్1తోనే ఎంతసేపు బతకగలరో చూడండి. అతని దగ్గర ఒక పొడవాటి వరస ఉంటుంది, నాట్యంలా తిరుగుతూ వరసగా కొడతాడు. మొదటిసారి చూస్తే అంతులేనిదిలా అనిపిస్తుంది. నాలుగైదుసార్లు నోటితో పలుకుతూ ఆడితే దాని నడక తెలుస్తుంది. ఆ వరస మొత్తం డిఫ్లెక్ట్ చేసినప్పుడు అతని పోస్చర్ ఎంత పెరిగిందో చూడండి. మీరు ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

తర్వాత ఎర్ర అక్షరం. అతను పైకి ఎగిరి కత్తిని కిందికి దించుతాడు. ఆ వెంటనే పొడుపో ఊడ్పో రావచ్చు. పైనుంచి వచ్చే దెబ్బను డిఫ్లెక్ట్ చేసి, ఆగి, భుజాలు చూడండి. కత్తి వెనక్కి పోయిందా, మికిరి. వంగాడా, ఎగరండి. ఈ ఒక్కచోట ప్రతిసారీ సరైన జవాబు ఇవ్వగలిగితే పోరాటం సగం మీ చేతిలోకి వచ్చినట్టే. ముందే ఊహించి నొక్కేవాళ్లే ఇక్కడ ఓడిపోతారు.

ఇక కొట్టడం మొదలుపెట్టండి. ఒకటి, రెండు దెబ్బలు, ఖంగుమనేదాకా. ఆగండి, అతని వరస తీసుకోండి, మళ్లీ కొట్టండి. మందు తాగాలంటే అతను పెద్ద దెబ్బ వేసి కోలుకుంటున్నప్పుడు, లేదా టపాకాయకు తడబడినప్పుడు తాగండి.

రెండు చుక్కలు పోయాక కవచం విడిచి, మెరుపుతో మళ్లీ వస్తాడు. ఇక్కడ కంగారుపడేవాళ్లు ఎక్కువ. నిజానికి ఈ మెరుపు మీకు వరం. కత్తికి మెరుపు ఎక్కుతుండగా ఎగరండి. గాలిలో ఉండగా మెరుపు తగలనివ్వండి, నేల మీద పాదం పడకముందే ఆర్1 నొక్కండి. మెరుపు అతని మీదికే తిరిగి వెళ్తుంది, చాలాసేపు కదలలేడు. నేల మీద ఉండగా తగిలితే మాత్రం ఒళ్లు బిగుసుకుపోతుంది. మిగతా అంతా పాత గెనిచిరోనే, ఆ నడక మీకు ఇప్పటికే తెలుసు.

ఓడిపోయిన తర్వాత

వెంటనే మళ్లీ పరిగెత్తకండి. ఏ దెబ్బకు పోయారో ఒక్క మాటలో చెప్పుకోండి: "ఎగిరి వచ్చాక ఊడ్పు." చెప్పలేకపోతే తర్వాతి ప్రయత్నంలో చూడాల్సింది అదే. ఒక్కో ప్రయత్నానికి ఒక్కో పని పెట్టుకోండి. ఈసారి మికిరి మాత్రమే, ఇంకోసారి మందు తాగే సమయం మాత్రమే. అన్నీ ఒకేసారి సరిచేయాలనుకుంటే ఏదీ సరికాదు.

వేళ్లు బిగుసుకుంటున్నా, అంతకుముందు తేలిగ్గా దాటిన చోట చనిపోతున్నా, ఆపేసి పడుకోండి. మర్నాడు అదే బాస్ నెమ్మదిగా ఆడుతున్నట్టు ఉంటాడు. నిద్రలో నేర్చుకున్నది సర్దుకుంటుంది, ఈ ఆటలో అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

2020 అక్టోబరులో వచ్చిన ఉచిత అప్‌డేట్‌తో, గెలిచిన బాస్‌తో మళ్లీ తలపడే సదుపాయం వచ్చింది. విశ్రాంతి తీసుకునే విగ్రహాల దగ్గర అది ఉంటుంది. గెలిచింది అదృష్టం వల్లనో నేర్పు వల్లనో తేల్చుకోవడానికి ఇది మంచి మార్గం. తర్వాతి బాస్ దగ్గర చిక్కుకుపోతే, గెనిచిరో దగ్గరకు తిరిగొచ్చి రెండు రౌండ్లు ఆడి చేతులకు నమ్మకం తెచ్చుకోవచ్చు.

చేతి నొప్పి, చూపు సమస్య లాంటివి ఉన్నవాళ్ల గురించి కూడా చెప్పాలి. ఈ ఆటలో ఈజీ మోడ్ లేదు. పీసీలో ఆట వేగాన్ని తగ్గించే అనధికార మోడ్‌లు ఉన్నాయి. ఒంటరిగా ఆడే ఆట కాబట్టి వాటి వల్ల ఎవరికీ అన్యాయం జరగదు. కొంచెం నెమ్మది చేసి నేర్చుకుని, తర్వాత అసలు వేగానికి పెంచుకుంటూ పోవడం కూడా మంచి సాధనే. అది మోసమని అనేవాళ్ల మాట పట్టించుకోకండి.

ఈ పద్ధతి పనిచేయని చోట

దగ్గరగా ఉండి డిఫ్లెక్ట్ చేయమన్నది కత్తి పట్టిన మనుషులకు బాగా వర్తిస్తుంది. మృగాలకు వేరే లెక్క. ఓగ్ర్ పట్టు పట్టే రకం కాబట్టి దాని ముందు నిలబడి తాళం వెతకొద్దు. ఎగురుతూ, పక్కకు తప్పుకుంటూ, నిప్పు వాడుతూ ఆడండి. గార్డియన్ ఏప్ అనే తెల్ల కోతితో మొదటి భాగంలో పరుగే మేలు. అది వరసగా దూకి అలిసిపోయినప్పుడు వెళ్లి కొట్టి తిరిగి రండి, టపాకాయలు దీనికి బాగా పనిచేస్తాయి. రెండో భాగంలో అదే కోతి కత్తి పట్టుకుని వస్తుంది. అప్పుడు మళ్లీ పాత పద్ధతికి రండి: దగ్గరగా ఉండి డిఫ్లెక్ట్ చేయండి, పైనుంచి బలంగా దించే దెబ్బను సరిగ్గా ఆపితే అది కిందపడుతుంది, కృత్రిమ చేతికి అమర్చే ఈటె ఉంటే ఆ సందులో వాడండి. అది అరవడానికి సిద్ధమైతే మాత్రం దేనికోసమూ ఆగకుండా దూరం పరిగెత్తండి.